దేవదారు గడప

నాగేశ్వరి ఇంటి గడపకు చెద పట్టిన సంగతి మొదట చీపురుకు తెలిసింది. ఒకరోజు పొద్దున్నే వాకిలి ఊడుస్తుంటే పుల్లలు గడప అంచులోకి దిగబడిపోయాయి. వంగి వేలితో నొక్కి చూసింది. పైన పసుపు రంగు, ఎర్ర బొట్లు నిక్షేపంగా ఉన్నాయి. కింద కర్ర ఉండాల్సిన చోట మట్టి ఉంది. ఇన్నేళ్లుగా రోజూ పొద్దున్నే తాను దణ్ణం పెడుతున్నది ఒట్టి రంగు పొరకా అని ఆవిడకు ఒళ్లు మండింది.

"టేకు గడప అన్నాడండీ ఆ బిల్డరు! టేకు!"

ఆవిడ భర్త రామ్మోహనరావు విద్యుత్ శాఖలో రిటైరైన మనిషి. దేనికీ తొందరపడడు. పేపరు దించకుండానే, "వాడు లిఫ్టు కూడా పెడతానన్నాడు" అన్నాడు.

పంజాగుట్ట నుంచి శ్రీనగర్ కాలనీకి పోయే దారిలో, ఒక సందులో, లిఫ్టు లేని ఆ పాత అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు వాళ్లది. ఎప్పుడో రామచంద్రపురం నుంచి వచ్చి స్థిరపడ్డారు. ఒక్కడే కొడుకు, కేదార్. వాడి పెళ్లి అప్పుడే కుదిరింది. మామూలు రోజుల్లో అయితే గడప సంగతి ఇంకో ఏడాది నానేది. కానీ కొత్త కోడలు కుడికాలు పెట్టి దాటి రావాల్సిన గడప గుల్లగా ఉంటే ఎలా? నాగేశ్వరికి ఆ రోజు నుంచి అన్నం సహించలేదు.

పెళ్లికూతురు పేరు వనిత. మైత్రీవనంలో ఒక కోచింగ్ సెంటర్లో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. కేదార్ అక్కడ ఏదో కోర్సులో చేరాడు. కోర్సు మధ్యలో వదిలేశాడు గానీ పాఠం చెప్పే అమ్మాయిని వదల్లేదు. వనితకు చిన్నప్పుడే తల్లి పోయింది. తండ్రి సాయిలు ఒక్కడే పెంచాడు. ఆయన వడ్రంగి. మెదక్ దగ్గర పల్లె నుంచి వచ్చి, అమీర్‌పేటలో హాస్టళ్ల వెనక సందులో చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నాడు.

"వడ్రంగి కూతురా!" అని నాగేశ్వరి తరఫు చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. నాగేశ్వరి కూడా కొన్నాళ్లు ముభావంగానే ఉంది. తీరా పిల్లను చూశాక మెత్తబడింది. పిల్ల గలగలా మాట్లాడుతుంది, ఎదుటివాళ్లు చెప్పేది చివరిదాకా వింటుంది. ఆ రెండో గుణం తన ఇంట్లో ఎవరికీ లేదు.

గడప గుల్లయిన సంగతి సాయిలు చెవిన పడగానే ఆయన ఫోన్ చేశాడు.

"ఫికర్ జేయకు చెల్లెమ్మా. కడప నేను పెడ్త. నా బిడ్డ దాటి వచ్చే కడప ఇంకోడు పెట్టుడేంది?"

దాంతో నాగేశ్వరికి కొత్త చిక్కు వచ్చిపడింది. గడప నిలబెట్టిన వడ్రంగికి బియ్యం, పంచె, తాంబూలం ఇచ్చి పంపడం ఆనవాయితీ. వియ్యంకుడికి బట్టలు పెట్టే మర్యాద వేరు. మరి ఆ ఇద్దరూ ఒకరే అయితే? రామచంద్రపురంలో ఉన్న పెద్దక్కకు ఫోన్ చేసి అడిగింది. అలాంటి ముచ్చట తమ వంశంలోనే ఎరగమని ఆవిడ చేతులెత్తేసింది. చివరకు నాగేశ్వరి పట్టుపంచెల చాపు తెప్పించి, బియ్యం మానేసింది. బియ్యం పెడితే కూలి ఇచ్చినట్టు ఉంటుందని ఆవిడ భయం.

సాయిలు తెచ్చింది టేకు కాదు. లేత గోధుమ రంగు దుంగ, మీద సన్నటి గీతలు. ఆటో ట్రాలీలోంచి దించి మెట్లెక్కిస్తుంటే అంతస్తు అంతస్తుకీ తలుపులు తెరుచుకున్నాయి, అంత వాసన. కర్పూరమని ఒకరన్నారు, గంధమని ఒకరన్నారు.

"దేవదారు బావా ఇది" అన్నాడు సాయిలు, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. "ఆకులు సూదుల్లెక్క ఉంటయ్ గా చెట్టుకు. కేదారం యాత్రకు పోయినప్పుడు జూసిన. గా మంచుల, గా వానల, ఇండ్ల తలుపులు, దూలాలు, వాగుల మీద వంతెనలు సుత దీంతోనే. తాతల నాటియి గట్లనే నిలబడి ఉన్నయ్. అల్లుని పేరు కేదార్ అనంగనే నాకు ఇదే యాదికొచ్చింది. కట్టె డిపోల చెప్పి తెప్పిచ్చిన."

రామ్మోహనరావు గోటితో కర్రను నొక్కి చూశాడు. గోటి గుర్తు పడింది.

"మెత్తగా ఉందేంటి బావగారూ? గడపంటే గట్టి కర్ర ఉండాలి కదా?"

"మెత్తదే. మొల కొడ్తె వెన్నలకు దిగినట్టు దిగుతది. అంచుకు కొడ్తె పలుగుతది, జర జూసుకొని కొట్టాలె. గని దీన్ని చెద ముట్టదు, పురుగు ముట్టదు. నీళ్లల్ల నానినా మురగది. వెనుకట రైలు పట్టాల కింద ఏసేటోళ్లు. రైలునే మోసింది, మనల మొయ్యదా?"

"దీంతో చాలా పనులు చేశారా అన్నయ్యగారూ మీరు?" అని నాగేశ్వరి అడిగింది.

సాయిలు అబద్ధం చెప్పలేదు. "లేదు చెల్లెమ్మా. బతుకంత టేకు మీదనే పోయింది. ఇప్పుడు హాస్టళ్లకు ప్లైవుడ్ మంచాలు చేస్తున్న. దేవదారు మీద చెయ్యి పెట్టుడు ఇదే మొదలు."

ముహూర్తానికి గడప దిగింది. కింద నవధాన్యాలు పోశారు, పంచలోహం ముక్క పెట్టారు. సాయిలు కర్రకు లప్పం పెట్టి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, పసుపు రంగు పూసి, ఎర్ర బొట్లు దిద్దాడు. టేకుకు ఎలా చేస్తాడో అలాగే, ఒక్క మెట్టు తప్పకుండా చేశాడు. పట్టుపంచె అందుకుంటున్నప్పుడు మాత్రం వడ్రంగిలా నిలబడాలో వియ్యంకుడిలా కూర్చోవాలో తెలియక కాసేపు తికమకపడ్డాడు. నాగేశ్వరే కుర్చీ జరిపింది.

పెళ్లయింది. వనిత ఆ గడప దాటి వచ్చింది. వచ్చిన నెలకల్లా ఇంట్లో మాటలు పెరిగాయి. సాయంత్రం మైత్రీవనం నుంచి వచ్చి, చెప్పులు విప్పి, ద్వారబంధం మీద చెయ్యి వేసి ఒక్క క్షణం గడప వాసన పీల్చి లోపలికి రావడం ఆ పిల్లకు అలవాటు. ఆ తరవాత వంటింటి అరుగు మీద కూర్చుని క్లాసులో జరిగినవన్నీ అత్తగారికి చెప్పేది. కూతురు లేని లోటు ఒకటి తనకుందని నాగేశ్వరికి అప్పటిదాకా తెలియదు.

సంక్రాంతి వెళ్లాక వనిత నెల తప్పింది. నాగేశ్వరి పట్టలేని సంతోషంతో కాలనీ అంతా చెప్పకూడదనుకుంటూనే సగం కాలనీకి చెప్పింది.

ఎండలు ముదిరాయి. ఆ ఇంటి వాకిలి పడమటి ముఖం. మధ్యాహ్నం దాటితే కారిడార్ కటకటాల్లోంచి ఎండ తిన్నగా గడప మీదే పడుతుంది. ఒక శుక్రవారం పొద్దున గడప తుడుస్తుంటే, నడిమి బొట్టు దగ్గర రంగు పొక్కిలిగా లేచి ఉంది. తడిగుడ్డ తగలగానే ఆ బొట్టు ఊడి నాగేశ్వరి చేతిలోకి వచ్చింది. ఎవరూ చూడకుండా ఆ పెచ్చును కొంగులో దాచింది.

ఆ వారంలోనే వనితకు కడుపు పోయింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చారు. పిల్ల ఏడవలేదు. సెలవు అయిపోగానే మళ్లీ క్లాసులకు వెళ్లింది. సాయంత్రాలు వంటింటి అరుగు ఖాళీగా ఉండేది. వచ్చి, గదిలోకి వెళ్లి పడుకునేది. నాగేశ్వరి తెలిసిన ఓదార్పు మాటలన్నీ చెప్పింది, ఆ పిల్ల అన్నింటికీ తలూపింది.

గడప మాత్రం ఊరుకోలేదు. ఊడిన చోట రంగు వేస్తే పక్కన లేచేది. సాయిలు "ఇటుగా పోతూ వచ్చిన" అంటూ వచ్చి, అంతా గీకి, మళ్లీ లప్పం పెట్టి, మళ్లీ రంగు వేసి పోయాడు. అమీర్‌పేట మనిషికి డబ్బా, బ్రష్షు సంచిలో పెట్టుకుని ఇటుగా పోయే పని ఏముంటుందని నాగేశ్వరి అడగలేదు. కొన్నాళ్లకు ఆ రంగూ పొక్కింది.

ఎదురు ఫ్లాటు రత్నమాల ఒకరోజు ముగ్గుడబ్బా పట్టుకుని నిలబడి గడప వంక చూసింది. "ఏంటి నాగేశ్వరిగారూ, కోడలు వచ్చిన దగ్గర్నుంచీ గడప మీద పసుపు నిలవట్లేదు?" అంది. ఆవిడ మనసులో పెట్టుకుని అన్నదేమీ కాదు, ఆవిడ నోరే అంత. ఆ మాటను ఆవిడ ఆ క్షణమే మరిచిపోయి ఉంటుంది. నాగేశ్వరికి మాత్రం లోపల దిగిపోయింది. నిజానికి ఎవరైనా పైకి అంటారేమోనని ఆవిడ కొన్నాళ్లుగా భయపడుతున్న మాటే అది.

"గడప మార్పిద్దామండీ. టేకు పెట్టిద్దాం" అంది ఆ మధ్యాహ్నం భర్తతో.

"రంగేగా ఊడింది?"

"రంగేనా?"

రామ్మోహనరావు పేపరు దించాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టాడు. ఆ తరవాత, "బావగారికి నేను చెప్పలేను. నువ్వే చెప్పు" అన్నాడు.

ఫోన్‌లో చెప్పే మాట కాదని నాగేశ్వరి అమీర్‌పేట వెళ్లింది. హాస్టళ్ల బోర్డులు, టిఫిన్ బండ్లు, భుజాన సంచులతో గుంపులుగా పోయే పిల్లలు, వీటన్నింటి మధ్య దారి అడుక్కుంటూ సందులోకి వెళ్లింది. సాయిలు ఆవిడను చూసి గాభరాపడి, కొత్తగా చేసిన రెండంతస్తుల మంచం మీద దులిపి కూర్చోబెట్టి, చాయ్ తెప్పించాడు. ఆవిడ దారి పొడవునా అబద్ధం ఒకటి తయారు చేసుకుంది. కేదార్ నాన్నగారికి టేకు మీద మనసు పోయిందనీ, ఈ దేవదారు ముక్కను పూజగదికి వాడుకుంటామనీ చెప్పింది. సాయిలు ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే కాస్త బాగుండేది.

"ఇంకొకల చెయ్యి పడనియ్యకు చెల్లెమ్మా. నేనే పెట్టిన, నేనే తీస్త" అన్నాడు. చాయ్ గ్లాసులు పక్కన పెట్టి, "బుధవారం పగటీలి వస్త. బిడ్డ క్లాసుల ఉంటది" అన్నాడు.

బుధవారం వచ్చాడు. సంచి దించి, గడపకు దణ్ణం పెట్టుకుని, కారిడార్ వైపు గొంతుకూర్చున్నాడు. మొలలు ఎక్కడున్నాయో కనబడటానికి ముందు పైరంగు గీకడం మొదలుపెట్టాడు. పెద్దగా గీకే పనే లేకపోయింది. ఉలి ఆనిస్తే చాలు, రంగూ లప్పమూ కలిసి అప్పడాల్లా లేచివస్తున్నాయి. రామ్మోహనరావు ఖైరతాబాద్‌లో ఏదో ఆఫీసు పని కల్పించుకుని వెళ్లిపోయాడు. నాగేశ్వరి మజ్జిగ గ్లాసు తెచ్చి లోపలి వైపు నిలబడింది.

రంగు పోయిన చోట కర్ర మెరుస్తోంది. నీళ్లు పడ్డాయేమో అనుకుని ఆవిడ వంగి వేలు పెట్టింది. నీళ్లు కాదు. వేలికి జిడ్డుగా, కాస్త బంకగా అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మొదటిరోజు మెట్ల మీద వచ్చిన వాసన.

ఆవిడ వంటింటి మనిషి. ఆవకాయ జాడీకి ఏటా కుంకుమ బొట్టు పెడుతుంది. ఏటా ఆ బొట్టు జారిపోతుంది. లోపలి నూనె జాడీ బయటకు చెమరుస్తుంది, బొట్టును నిలవనివ్వదు. దానికి ఏ ఏడాదీ ఎవరినీ అనుమానించలేదు.

"అన్నయ్యగారూ, ఇది నూనె" అంది.

సాయిలు ఉలి పక్కన పెట్టి అరచేత్తో కర్రను తడిమాడు. చెయ్యి చూసుకున్నాడు. ఎండ పడుతున్న చోటూ, నీడ ఉన్న చోటూ రెండూ తడిమి చూశాడు. ఎండ ఉన్నంతమేరే జిడ్డు ఉంది.

"ఎండకు ఊరుతున్నది" అన్నాడు మెల్లగా. "కింది నుంచి రంగును నూకుతున్నది. చెదను రానియ్యంది సుత గీ నూనెనే చెల్లెమ్మా. గంత దూరం నుంచి దీన్ని తెచ్చిందే గీ నూనె కోసం. టేకుకు జేసినట్టు దీనికి సుత లప్పం పెట్టిన, రంగేసిన. ఏయొద్దని తెల్వలే."

"పోనీలెండి, తెలిసింది కదా."

సాయిలు తల ఎత్తలేదు. "నేను సుత గదే అనుకున్న."

"ఏది?"

"మీరు ఏదనుకున్నరో గదే. నా బిడ్డ రాత మంచిగ లేదని. రంగేసుటానికి వచ్చినప్పుడల్ల ఏడుపాయల దుర్గమ్మకు మొక్కి బ్రష్షు ముంచిన. కన్నతండ్రిని నేనే అనుకున్న, మిమ్ములనేమంట?"

నాగేశ్వరి తాను ఎవరికీ చెప్పలేదు, వర్క్‌షాపులో అబద్ధం కూడా చెప్పింది. అయినా ఆయనకు తెలుసు. ఆ తెలిసినదాన్ని మనసులోనే పెట్టుకుని, తనను మంచం మీద కూర్చోబెట్టి చాయ్ తాగించి పంపాడు. ఆవిడకు సిగ్గేసింది.

"ఇంక తీయకండి. ఉండనివ్వండి" అంది.

"వద్దు చెల్లెమ్మా." సాయిలు మళ్లీ ఉలి అందుకున్నాడు. "సంగతి తెలిసింది మనిద్దరికి. రేపు పిల్లకు జరమొచ్చినా, కేదార్ నౌకరికి ఏమన్న అయినా, మళ్ల కడప దిక్కే జూస్తరు. మీరు చూడకున్నా మా బిడ్డ జూస్తది. గంత బరువు కర్ర మీద పెట్టద్దు. తీస్త."

ఆయన చెప్పింది సబబే. నూనె వల్ల రంగు ఊడిందని తెలిసింది, నిజమే. కానీ ఊడిన రంగు చూడగానే తన చూపు పిల్ల మీదికి ఎందుకు పోయిందో దానికి ఏ నూనే కారణం కాదు.

ఉలి గడప కిందికి పోయింది. సుత్తి దెబ్బ ఒకటి పడింది. సరిగ్గా అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. సెంటర్లో కరెంటు పోయి మధ్యాహ్నం క్లాసు ఎత్తేస్తే వనిత ముందే వచ్చేసింది. కారిడార్ మలుపులో ఆగిపోయింది. పెచ్చులు పెచ్చులుగా రాలిన పసుపు రంగు, కర్ర కింద దిగిన ఉలి, దాన్ని పట్టుకున్న తండ్రి చెయ్యి, లోపల నిలబడ్డ అత్తగారు, అన్నీ చూసింది.

"ఏంది బాపూ?"

సాయిలు ఉలి మీద నుంచి చెయ్యి తీశాడు. వనిత అత్తగారి వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. ఆఫీసులో కొత్తవాళ్లు అడిగినట్టు అడిగింది.

"నేను లోపటికి రావచ్చా అత్తమ్మా? ఆగాల్నా?"

ఆ ప్రశ్న నాగేశ్వరిని నిలువునా కోసింది. ఇన్నాళ్లు ఆ పిల్ల రోజూ ఇదే అడుగుతూ ఇంట్లోకి వచ్చిందని, తాను ఒక్కరోజూ వినిపించుకోలేదని ఆవిడకు అర్థమైంది.

"గడప తీయించమన్నది నేనే" అంది. "రంగు నిలవకపోతే నీ మూలానే అనుకున్నాను. పైకి అనలేదు గానీ అనుకున్నాను, వనితా."

"నాకు తెల్సు అత్తమ్మా. పొద్దున కడపకు దండం పెట్టి లేసినంక మీరు నా కడుపు దిక్కు జూస్తుంటిరి. రోజూ."

నాగేశ్వరి మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. ఆవిడ ఆ తరవాత చేసిన పని రత్నమాల గనక చూసి ఉంటే కాలనీలో వారం రోజులు చెప్పుకునేది. గడప మీద చంటిపిల్లలు కాలు పెట్టినా ఊరుకోని మనిషి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, దిగిన ఉలి పక్కనే, ఆ గడప మీద నిండుగా కూర్చుంది.

"అయ్యో చెల్లెమ్మా, లెవ్వు! కడప మీద కూసుంటరా?" సాయిలు కంగారుపడ్డాడు. "చీరకు నూనె అంటుతది, ఉతికినా పోదు."

"అంటనివ్వండి" అంది నాగేశ్వరి. "నేను లేవను. నన్ను లేపి తీయగలిగితే తీసుకోండి. రంగూ వద్దు, లప్పమూ వద్దు. ఉన్న కర్ర ఉన్నట్టే ఉంటుంది."

కింద సందులో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయలేక అవస్థపడుతున్నారు. వనిత బ్యాగు భుజం మీద నుంచి దించి, దగ్గరకు వచ్చి నిలబడింది.

"జరగండి అత్తమ్మా" అంది.

లోపలికి వెళ్లడానికి దారి అడుగుతోందనుకుని నాగేశ్వరి పక్కకు జరిగింది. వనిత లోపలికి వెళ్లలేదు. ఆ ఖాళీ చోట్లో, దేవదారు మీద, అత్తగారిని ఆనుకుని కూర్చుంది. బ్యాగు ఒళ్లో పెట్టుకుని, ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి, వెక్కి వెక్కి ఏడ్చింది. నాగేశ్వరి జిడ్డుచెయ్యి అని కూడా చూసుకోకుండా ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. సాయిలు ఉలి మెల్లగా బయటికి లాగి, సంచిలో వేసుకుని, ఆ గడప దాటి లోపలికి వెళ్లే దారి లేక కారిడార్‌లోనే నిలబడ్డాడు.